తప్పుల లెక్క
(మాస్టారి స్మారకోపన్యాసం, ముద్రిత పాఠం)



ఈ ఏడు ఉపన్యాసం నన్ను చెయ్యమన్నప్పుడు, సినిమా గురించి మాట్లాడతానన్నాను. ఫోన్లో అవతలి గొంతు ఒక్క క్షణం ఆగింది. "మాస్టారు లెక్కల మాస్టారు కదండీ" అన్నారు. అందుకే సినిమా గురించి, అన్నాను. ఈ ఊళ్లో నలభై దాటినవాళ్లకు నేను విడమరిచి చెప్పక్కర్లేదు. వారమంతా బడిలో బీజగణితం, ఆదివారం సాయంత్రం ఇదే కాలేజీ హాల్లో తెల్లదుప్పటి మీద సినిమా. రెంటికీ ఆయనకు ఒకే సుద్దముక్క. ఒకదానితో సమీకరణాలు రాసేవారు, దాంతోనే నోటీసు బోర్డు మీద సినిమా పేరు రాసేవారు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక బుధవారం బడి ఎగ్గొట్టి మ్యాట్నీకి వెళ్లాను. ఇంటర్వెల్లో బయటికొస్తే సోడా బండి దగ్గర మాస్టారు, చేతిలో గోళీసోడా. ఆయన నన్ను చూశారు, నేను ఆయన్ని చూశాను. ఇద్దరం చూడనట్టే ఎవరి సీట్లోకి వాళ్లం వెళ్లిపోయాం. మర్నాడు హాజరు వేస్తూ నా పేరు దగ్గర ఆగి, "నిన్న రాలేదేంరా?" అన్నారు.

"జ్వరమండి."

"ఊఁ. ఇంటర్వెల్ తర్వాత తగ్గిందా?"

క్లాసులో ఎవరికీ అర్థం కాలేదు. నాకు చెమటలు పట్టాయి. ఆయన ఆ రోజు సెలవుచీటీ రాసి వచ్చారు, నేను రాయకుండా వచ్చాను. మా ఇద్దరి నేరంలో తేడా అంతవరకే. గంట కొట్టాక వరండాలో పిలిచి, "ఆదివారం కాలేజీ హాల్లో సినిమా ఉంది, రా. టికెట్టు లేదు, జ్వరమూ అక్కర్లేదు" అన్నారు. ఆ తర్వాత ఆ మాట మళ్లీ ఎత్తలేదు. మా నాన్నకూ చెప్పలేదు.

అలా ఆదివారాలు అలవాటయ్యాయి. కొన్నాళ్లకు బోర్డు మీద "నాలుగు వందల దెబ్బలు – ఫ్రెంచి చిత్రం" అని కనిపించింది. ఊళ్లో కుర్రకారంతా ఫైటింగు సినిమా అనుకుని వచ్చేశారు. పూనా ఫిల్మ్ ఆర్కైవ్ నుంచి రైలు పార్సిల్లో వచ్చిన 16 ఎం.ఎం. ప్రింటు. స్కోప్ చిత్రం, మన దగ్గర స్కోప్ లెన్సు లేదు. దాంతో మొదటి షాటు నుంచి అందరూ కందిపుల్లల్లా సన్నగా, పొడుగ్గా కనిపించారు. ఈఫిల్ టవర్ సంగతి చెప్పనే అక్కర్లేదు. మాస్టారు ప్రొజెక్టరు పక్కన నిలబడి ఇంగ్లీషు సబ్‌టైటిళ్లను గట్టిగా తెలుగులో చెబుతూ ఉండేవారు. ఎప్పుడూ ఒక వాక్యం వెనకపడేవారు. తెర మీద తల్లి తిట్టి వెళ్లిపోయి పిల్లవాడు ఒంటరిగా ఉంటే, హాల్లో ఇంకా మాస్టారి గొంతు తిడుతూ ఉండేది. చాలా ఏళ్ల తర్వాత హైదరాబాదులో సరైన లెన్సుతో ఈ సినిమా చూసినప్పుడు పారిస్ వీధులు అంత వెడల్పని తెలిసింది. అయినా నా మనసులో ఆ సినిమాలోని పిల్లవాడు ఆంత్వాన్ ఇప్పటికీ ఆ సన్నటి, సాగదీసిన కుర్రవాడే.

*

ఫ్రాన్స్వా ట్రూఫో 1959లో తీసిన మొదటి పెద్ద చిత్రం ఇది. పేరులోని "దెబ్బలు" మాస్టారి తప్పు కాదు, ఇంగ్లీషు అనువాదం చేసిన నిర్వాకం. ఫ్రెంచిలో "నాలుగు వందల కొట్లు కొట్టడం" అంటే చెయ్యని అల్లరి లేకపోవడం, ఊరిమీద పడి ఆగం చెయ్యడం. అది జాతీయం. ఇంగ్లీషువాళ్లు మాటకు మాట దించేసరికి ప్రపంచమంతా ఈ పిల్లవాడు నాలుగు వందల దెబ్బలు తిన్నాడనుకుంది. సినిమా మొత్తం మీద లెక్కపెడితే చెంపదెబ్బలు వేళ్ల మీదికి వస్తాయి.

తప్పుల్ని సంఖ్యలో పెట్టడం మనకూ ఉంది. మన లెక్క నూరు. శిశుపాలుడి కథ చెప్పినప్పుడల్లా మనం గబగబా నూటొకటో తప్పు దగ్గరికి, సుదర్శన చక్రం దగ్గరికి పరిగెడతాం. ఆ నూరు అనే అంకె ఎక్కడినుంచి వచ్చిందో అక్కడ ఆగం. ఆ అంకె తల్లిది. కొడుకు ఎవరి చేతిలో పోతాడో తెలిశాక, మేనల్లుడైన కృష్ణుణ్ణి పట్టుకుని, వీడి నూరు తప్పులు కాయమని మాట పుచ్చుకున్నది ఆవిడ. పిల్లవాడు ఇంకా ఒక్క తప్పూ చెయ్యకముందే నూరు క్షమాపణలు అప్పుగా తెచ్చిపెట్టుకున్న మనిషి. ఫ్రెంచివాళ్ల లెక్కలో నాలుగు వందలున్నాయి గానీ, ఆంత్వాన్ ద్వనెల్ తరఫున అలా మాట పుచ్చుకున్నవాళ్లు లేరు. ఈ సాయంత్రం నేను చెప్పదలుచుకున్నది అదొక్కటే. తక్కినదంతా సాక్ష్యం.

సినిమా మొదలయ్యేసరికి తరగతి గదిలో ఒక క్యాలెండరు బొమ్మ చేతులు మారుతూ ఉంటుంది. ఒంటిమీద బట్టలు తక్కువగా ఉన్న అమ్మాయి బొమ్మ. పది మంది చూశారు. ఆంత్వాన్ దగ్గరికి వచ్చేసరికి దానికి మీసాలు గీశాడు, అప్పుడే ఉపాధ్యాయుడు చూశాడు. మూల నిలబెట్టారు. అక్కడ గోడ మీద, తనకు అన్యాయం జరిగిందని నాలుగు మాటలు రాశాడు. దానికి ఇంకో శిక్ష. ఈ వరస గమనించండి. సినిమా అంతా ఇదే వరస. అతని తప్పులు చాలావరకు దొరకవు. దొరికేవన్నీ అమాయకంగానో, మంచికో చేసినవి.

బల్జాక్ సంగతి చూడండి. తల్లి ఒకరోజు అనుకోకుండా ప్రేమగా ఉంటుంది. స్నానం చేయిస్తుంది, మంచం మీద పక్కన పడుకోబెట్టుకుంటుంది, ఫ్రెంచి వ్యాసంలో మొదటి అయిదుగురిలో వస్తే వెయ్యి ఫ్రాంకులిస్తానంటుంది. కుర్రవాడు బల్జాక్ చదువుతాడు, ఒళ్లు మరిచిపోతాడు. గోడకు ఆయన బొమ్మ పెట్టి, ముందు కొవ్వొత్తి వెలిగిస్తాడు. మన ఇళ్లల్లో పరీక్షల ముందు సరస్వతీదేవి పటం ముందు దీపం పెట్టినట్టే. ఆ కొవ్వొత్తి తెరకంటుకుని ఇల్లు తగలబడబోతుంది. ఇక బడిలో, వ్యాసంలో తాతగారి మరణం గురించి రాస్తుంటే, గుండెలో నాటుకుపోయిన బల్జాక్ వాక్యాలు కలంలోంచి వచ్చేశాయి. కాపీ కొట్టాడన్నారు. బయటికి పొమ్మన్నారు. ఒక రచయితను అంతగా ప్రేమించడం ఆ తరగతి గదిలో ఇంకెవరికీ చేతకాలేదని ఎవరికీ తోచలేదు.

టైపు మిషను సంగతి ఇంకా ఘోరం. ఇంట్లోంచి వెళ్లిపోయి స్నేహితుడు రెనే ఇంట్లో దాక్కున్నప్పుడు, డబ్బు కోసం ఆంత్వాన్ నాన్న ఆఫీసులో టైపు మిషను దొంగిలిస్తారు. ఆ బరువు ఇద్దరు కుర్రాళ్లు చేతులు మార్చుకుంటూ వీధుల్లో మోస్తూ తిరగడం చూడాలి. ఎవరూ కొనరు. పోనీ తిరిగి పెట్టేద్దామనుకుంటారు. పెద్దవాడిలా కనిపించాలని తల మీద టోపీ పెట్టుకుని ఆంత్వాన్ ఆఫీసులోకి వెళతాడు. అప్పుడు వాచ్‌మన్‌కి దొరుకుతాడు. దొంగిలించినప్పుడు దొరకలేదు. తిరిగి పెట్టబోతూ దొరికాడు.

నాన్న అన్నాను గానీ, అతను సవతి తండ్రి. చెడ్డవాడు కాదు. హాస్యాలాడతాడు, వంట చేస్తాడు, కొడుకుని నవ్విస్తాడు. అలాంటివాడే కొడుకు చెయ్యి పట్టుకుని పోలీస్ స్టేషన్‌కి తీసుకెళ్లి అప్పగిస్తాడు. మంచివాళ్లు పిల్లల్ని వదిలించుకునే తీరు అలాగే ఉంటుంది, గొంతు పెంచకుండా. ఆ రాత్రి స్టేషన్‌లో బోనులాంటి గది, తర్వాత పోలీసు వ్యాను. వ్యాను వెనక ఊచల్లోంచి పిల్లవాడు పిగాల్ వీధి దీపాల్ని చూస్తూ ఉంటాడు. సినిమాలో అతను నోరు విప్పకుండా ఏడ్చేది అక్కడే. ఊచల మీద దీపాల వెలుగు జారుతుంటే బుగ్గ మీద తడి మెరుస్తుంది. ఆ కన్నీరు కనిపించాలని కెమెరా దగ్గరికి పరిగెత్తదు, సంగీతం బిగ్గరగా మోగదు. మన సినిమాల్లో అయితే ఈపాటికి వర్షం పడేది.

*

ఇంకో పిల్లవాడి గురించి ఒక్క మాట. ఆంత్వాన్ కాదు, పేరు కూడా సరిగా తెలియని ఓ చిన్నవాడు. ఉపాధ్యాయుడు బోర్డు మీద పద్యం రాస్తుంటే వీళ్లు నోటు పుస్తకంలో ఎక్కించుకోవాలి. ఈ చిన్నవాడి కలం సిరా కక్కుతుంది. మరక పడింది, కాగితం చింపాడు. మళ్లీ రాశాడు, మళ్లీ మరక. వేళ్లకు సిరా, ముఖానికి సిరా. చింపి చింపి చివరికి పుస్తకంలో అట్టలు మిగులుతాయి. ఈ దృశ్యానికీ కథకూ సంబంధం లేదు. తీసేసినా కథ నడుస్తుంది. కానీ శుభ్రంగా రాయాలనే భయంతోనే పుస్తకం మొత్తం పోగొట్టుకున్న ఆ కుర్రవాణ్ణి చూసి హాల్లో అందరం పడి పడి నవ్వాం. ఆ రోజు మాస్టారు నవ్వలేదు. ఆయన బల్ల మీద ప్రతి రోజూ అలాంటి నోటు పుస్తకాలు ఉండేవి కాబట్టి అయి ఉంటుంది.

ఈ బడి ట్రూఫో ఊహించి తీసింది కాదు. 1932లో పారిస్‌లో పుట్టాడు. పుట్టేనాటికి తల్లికి పెళ్లి కాలేదు. తర్వాత ఆవిడను పెళ్లాడిన రోలాఁ ట్రూఫో ఇంటిపేరు ఇచ్చాడు. చిన్నప్పుడు ఎక్కువ కాలం అమ్మమ్మ దగ్గరే పెరిగాడు. ఆవిడ పోయాక తల్లిదండ్రుల ఇరుకు ఇంట్లోకి వచ్చాడు. బడి ఎగ్గొట్టి సినిమా హాళ్లలో దూరడం, పదహారేళ్లకే సొంతంగా సినీ క్లబ్బు పెట్టడం, అప్పులపాలవడం, ఆఫీసు టైపు మిషను కాజేయడం, చివరికి 1948లో బాల నేరస్థుల కేంద్రానికి చేరడం, ఇవన్నీ అతని సొంత చరిత్ర.

ఆ సినీ క్లబ్బు గురించి కొంచెం చెప్పాలి. ఆదివారం ఉదయం తన క్లబ్బు ప్రదర్శన పెట్టుకుంటే, అదే వేళకు ఇంకో క్లబ్బులో ఆంద్రే బజాఁ అనే విమర్శకుడి ప్రదర్శన ఉంటోంది. జనం అటు పోతున్నారు. కుర్రవాడు నేరుగా బజాఁ దగ్గరికి వెళ్లి, మీ ప్రదర్శన వేళ మార్చుకోండి అని అడిగాడు. ఎంత పొగరో చూడండి. బజాఁ వేళ మార్చుకున్నాడో లేదో గానీ కుర్రవాణ్ణి మాత్రం దగ్గర పెట్టుకున్నాడు. కేంద్రంలో పెడితే విడిపించాడు. తర్వాత సైన్యంలో చేరి అక్కణ్ణుంచీ పారిపోయి చెరలో పడితే మళ్లీ విడిపించాడు. ఇంట్లో చోటిచ్చాడు. 'కాయే దు సినిమా' పత్రికలో రాయించాడు. ఆ పత్రికలో 1954లో ట్రూఫో రాసిన ఒక వ్యాసం ఫ్రెంచి సినిమా పెద్దలందరి మీదా కర్ర తిప్పింది. ఆ నోరు మూయలేక 1958లో కాన్ చిత్రోత్సవం అతణ్ణి రానివ్వలేదు. మరుసటి ఏడే అదే కాన్‌లో ఈ సినిమాకు ఉత్తమ దర్శకుడి బహుమతి అందుకున్నాడు.

బజాఁ అది చూడలేదు. 1958 నవంబరు 10న షూటింగు మొదలైంది, 11న ఆయన పోయాడు. నలభయ్యేళ్లు. సినిమా మొదట్లో పేర్లు వెళ్లిపోయాక ఆయన జ్ఞాపకానికి అంకితమని ఒక అక్షరాల పలక వస్తుంది. 16 ఎం.ఎం. ప్రింటులోనూ ఉండేది. మాస్టారు దాన్ని కూడా గట్టిగా చదివారు, మాకెవరికీ ఆ పేరు పట్టలేదు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. పెద్ద స్టూడియోలను తిట్టిన కుర్రవాడికి పెద్ద స్టూడియోలు డబ్బెందుకిస్తాయి? సొంతంగా చిన్న సంస్థ పెట్టుకున్నాడు. చిత్రాలు పంపిణీ చేసే మామగారు అండగా నిలబడ్డారు. సెట్లు కట్టకుండా నిజమైన ఇళ్లలో, నిజమైన వీధుల్లో, చలికాలంలో తీశారు. ఛాయాగ్రాహకుడు ఆంరీ దకయ్. మాటల్లో చాలా భాగం తర్వాత డబ్బింగులో చేర్చారు. మన దగ్గర స్వతంత్రంగా సినిమా తీస్తామని బయల్దేరే పిల్లలకు ఎప్పుడూ చెబుతుంటాను, స్వతంత్రం అంటే అప్పు ఇచ్చే మామగారు ఉండటం కూడా అని. వాళ్లు నవ్వుతారు, నేను నవ్వను.

*

ఇప్పుడు అబద్ధం దగ్గరికి రావాలి. ఈ సినిమాలో అందరికీ తెలిసిన దృశ్యం చివరి పరుగు. నాకు మాత్రం ఎక్కువ గుర్తుండేది ఒక అబద్ధం.

రెనేతో కలిసి బడి ఎగ్గొట్టి తిరిగిన రోజున, ఆంత్వాన్ వీధిలో తల్లిని వేరే మగవాడి కౌగిట్లో చూస్తాడు. ఆవిడా కొడుకుని చూస్తుంది. ఇద్దరూ ఇంట్లో ఆ మాట ఎత్తరు. మర్నాడు బడిలో, నిన్న ఎందుకు రాలేదని గదమాయిస్తే, సెలవుచీటీ లేదు, చెప్పడానికి కారణం లేదు. అప్పుడు నోట్లోంచి వస్తుంది, అమ్మ చనిపోయింది అని. ఉపాధ్యాయుడు ఒక్కసారి మెత్తబడిపోతాడు. అంతసేపూ అరిచిన మనిషి క్షమించమంటాడు. ఆ గదిలో పెద్దవాళ్లు ఆంత్వాన్‌తో మర్యాదగా మాట్లాడిన సందర్భం దాదాపు అదొక్కటే, అది అబద్ధం మీద నిలబడింది. కాసేపటికి తలుపు అద్దంలోంచి తల్లి ముఖం కనిపిస్తుంది. బతికే ఉంది. సవతి తండ్రి అందరి ముందూ చెంప ఛెళ్లుమనిపిస్తాడు.

నేను జ్వరమన్నాను, వాడు అమ్మ చచ్చిపోయిందన్నాడు. నా అబద్ధానికి ఇంటర్వెల్ దొరికింది. అంతే తేడా.

తర్వాత ఆంత్వాన్‌ని పంపిన బాల నేరస్థుల కేంద్రంలో మానసిక శాస్త్రవేత్త ప్రశ్నలడిగే దృశ్యం ఉంది. అడిగే ఆవిడ కనిపించదు, గొంతే వినిపిస్తుంది. కెమెరా ఆంత్వాన్ మీదే ఉంటుంది. ఒక జవాబు మసకబారి ఇంకో జవాబులోకి కలుస్తుంది. ఆంత్వాన్‌గా నటించిన జాఁ పియేర్ లెయోకి అప్పుడు పద్నాలుగేళ్లు. అతనికి రాసిచ్చిన మాటలు లేవు. ఏమడుగుతారో సుమారుగా తెలుసు, జవాబులు అతనివే. టేబులు అంచు వేళ్లతో తడుముతూ, ఒక ప్రశ్నకు సిగ్గుపడి నవ్వుతూ, ఇంకోదానికి భుజాలెగరేస్తూ చెబుతాడు. ఎందుకు అబద్ధాలాడతావంటే, నిజం చెబితే మాత్రం నమ్ముతారా అన్న ధోరణిలో చెబుతాడు. గొంతులో ఫిర్యాదు ఉండదు. బస్సు వేళలు చెప్పినట్టు చెబుతాడు.

అతని తరఫున మాట పుచ్చుకున్నవాళ్లు లేరన్నాను కదా. ఒకావిడ ఉంది. ఆ సంగతి ఇక్కడే బయటపడుతుంది. తల్లి గర్భం తీయించుకుందామనుకుంటే అమ్మమ్మ అడ్డుపడి పుట్టనిచ్చిందట. మరి అదే నోటితో, అదే గొంతుతో, ఆ అమ్మమ్మ డబ్బే దొంగిలించానని కూడా చెబుతాడు. ముసలావిడ, ఎక్కువ తినదు, ఆ డబ్బు ఆవిడకెందుకు అని లెక్క కట్టాడు. నాకు ఈ సినిమా మీద నమ్మకం కుదిరింది ఇక్కడే. తిరగబడే కుర్రాళ్ల గురించి తీసే సినిమాల్లో చాలావాటికి కుర్రవాణ్ణి దేవుణ్ణి చేసే జబ్బు ఉంటుంది. లోకమంతా రాక్షసులు, మధ్యలో వీడొక ప్రహ్లాదుడు. ఆంత్వాన్ ప్రహ్లాదుడు కాడు. క్షమించడానికి నిజంగా తప్పులున్న పిల్లవాడు. క్షమ అనే మాటకు అర్థం ఉండాలంటే తప్పు ఉండాలి గదా.

అయితే తల్లి విషయంలో ట్రూఫో కాస్త కఠినంగా ఉన్నాడనే నా అభిప్రాయం. ఇరవై దాటకుండానే బిడ్డ నెత్తిన పడ్డ ఆడమనిషి, ఇరుకిల్లు, చాలీచాలని జీతాలు, రాత్రి ఆలస్యంగా వచ్చి వసారాలో పడుకున్న కొడుకుని దాటుకుంటూ లోపలికి వెళ్లడం, ఇదంతా చూపించి, ఆవిడ వైపు నుంచి ఒక్క దృశ్యమూ ఇవ్వలేదు. సినిమా చూసి అతని తల్లిదండ్రులు చాలా బాధపడ్డారు, ఇంటి గుట్టు వీధిన పెట్టాడని. బాధపడటంలో తప్పు లేదు. పిల్లల దగ్గర కూడా ఒక లెక్కల పుస్తకం ఉంటుంది. అందులోనూ మాఫీలు తక్కువే. చాలా ఏళ్ల తర్వాత ట్రూఫో డిటెక్టివ్ ఏజెన్సీని పెట్టి కన్నతండ్రి ఎవరో కనుక్కున్నాడు. తెలిసింది గానీ వెళ్లి పరిచయం చేసుకోలేదు.

*

ట్రూఫోకు ముందు ఈ తోవ తొక్కినవాడు జాఁ వీగో. 1933లో తీసిన అతని సినిమా పేరు 'ప్రవర్తనకు సున్నా'. హాస్టల్లో పిల్లలు తిరగబడతారు, దిండ్లు చించి గదంతా ఈకలు ఎగరేస్తారు. ఫ్రాన్సులో ఆ సినిమాను నిషేధించారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేదాకా తెర మీదికి రానివ్వలేదు. వీగో మాత్రం 1934లోనే, ఇరవై తొమ్మిదేళ్లకే పోయాడు. ట్రూఫో సినిమాలో వ్యాయామం మాస్టారు ఈల ఊదుతూ ముందు పరిగెత్తుతుంటే, వెనక వరసలోంచి ఇద్దరిద్దరుగా పిల్లలు సందుల్లోకి జారిపోయే దృశ్యం ఉంటుంది. అది వీగోకి పెట్టిన దణ్ణం. చివరికి ఆ మాస్టారి వెనక ఇద్దరో ముగ్గురో మిగులుతారు, ఆయన ఈల మాత్రం ఆగదు. మన బడుల్లో ఇప్పటికీ టీసీ మీద ప్రవర్తన అనే గడి ఒకటుంది. సంతృప్తికరం అని రాసి ముద్ర కొట్టేస్తారు. నా టీసీ నింపింది మాస్టారే. ఆ గడిలో ఆయన ఏం రాశారో నాకు ఇప్పటికీ గుర్తే. అందరికీ రాసిందే రాశారు.

మన దేశంలో ఈ పిల్లవాడికి ఇద్దరు తమ్ముళ్లున్నారు. ఒకడు విక్రమాదిత్య మోత్వానే తీసిన హిందీ 'ఉడాన్'లో రోహన్. 2010లో వచ్చిన సినిమా, కాన్‌కి కూడా వెళ్లింది. సిమ్లా బోర్డింగు స్కూలు గెంటేస్తే జంషెడ్‌పూర్ వస్తాడు. తండ్రిని నాన్న అనకూడదు, సర్ అనాలి. ఇంజనీరింగు చదవాలి, ఫ్యాక్టరీలో పనిచెయ్యాలి. రోజూ పొద్దున్నే తండ్రితో పాటు పరిగెత్తాలి, చివర్లో ఎప్పుడూ తండ్రే గెలవాలి. టాటా ఊరు కాబట్టి ఆ వీధుల్లో మన శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్లి స్థిరపడ్డ కుటుంబాలు బోలెడు. ఆ కథ ఆ ఇళ్లల్లో ఎవరికీ కొత్త కాదు, మనకూ కొత్త కాదు. మన 'బొమ్మరిల్లు'లో కొడుకు చివరికి నోరు విప్పితే తండ్రి మారతాడు. రోహన్ తండ్రి మారడు. అతణ్ణి పరుగులో ఓడించి, తమ్ముడి చెయ్యి పట్టుకుని వెళ్లిపోవడం తప్ప రోహన్‌కి వేరే దారి మిగలదు.

రెండోవాడు నాగరాజ్ మంజుళే 2013 నాటి మరాఠీ చిత్రం 'ఫండ్రీ'లో జబ్యా. ఇక్కడ తప్పుల లెక్కే వేరు. ఇతను చేసిన తప్పేమీ లేదు, కైకాడీ కులంలో పుట్టడం తప్ప. ఊరి పందుల్ని పట్టే పని ఇంటిది. బడిలో ఇష్టపడ్డ అమ్మాయి చూస్తుండగా, ఊరంతా నవ్వుతుండగా, పంది వెనక పరిగెత్తాలి. పంది చేతికి చిక్కబోయే సమయానికి బడిలోంచి జాతీయ గీతం వినబడుతుంది. కుటుంబమంతా కదలకుండా నిలబడిపోతుంది. పంది మాత్రం నిలబడదు, తన దారిన తను పోతుంది. పారిస్ కుర్రవాడికి కనీసం పారిపోయే హక్కుంది. తెలిసినవాళ్లెవరూ లేని సముద్రం దాకా పరిగెత్తగలడు. జబ్యా ఎక్కడికి పరిగెత్తినా కులం ముందే వెళ్లి కూర్చుని ఉంటుంది. అందుకే చివర్లో అతను పరిగెత్తడు. రాయి తీసుకుని విసురుతాడు. ఆ రాయి నేరుగా తెరలోంచి మన మీదికి వస్తుంది, చీకటైపోతుంది. ఈ రెండు ముగింపుల్లో ఏది గొప్పదని నన్నడిగితే, మాస్టారు బతికుంటే 'ఫండ్రీ' వేసేవారని మాత్రం చెబుతాను.

ఆంత్వాన్ ముగింపు మీకు చెప్పను, కాసేపట్లో మీరే చూస్తారు. ఫుట్‌బాల్ ఆటలోంచి తప్పించుకుని, కంచె కింద దూరి, పరిగెత్తుతాడు. నిమిషానికి పైగా కత్తెర పడకుండా కెమెరా పక్కనే పరిగెత్తుతుంది. అప్పటిదాకా అతను సముద్రం చూసి ఉండడు. తర్వాత ఏమైందన్నది మీ ఇష్టం. ట్రూఫో మాత్రం ఆ ప్రశ్నను వదల్లేక, అదే లెయోతో అదే ఆంత్వాన్‌ని పెంచుతూ పోయాడు. 1979 దాకా ఒక చిన్న చిత్రం, మూడు పెద్ద చిత్రాలు. ప్రేమలు, పెళ్లి, విడాకులు. సరదాగానే ఉంటాయి, నాకు పెద్దగా పట్టవు. ఆ చివరి షాటులో మనవైపు తిరిగిన ముఖానికి ఉద్యోగం, అద్దె ఇల్లు ఇవ్వడం నాకు నచ్చలేదు. 1984లో యాభై రెండేళ్లకే ట్రూఫో పోయాడు కాబట్టి ఆంత్వాన్ ముసలివాడు కాలేదు.

1959 డిసెంబరులో, అంటే ఈ సినిమా వచ్చిన ఏడే, సత్యజిత్ రాయ్ అధ్యక్షుడిగా మన దేశపు ఫిల్మ్ సొసైటీల సమాఖ్య ఏర్పడింది. ఆ గొలుసులో చిట్టచివరి లింకు మన ఊరి తెల్లదుప్పటి. ఆ దుప్పటి మాస్టారి ఇంటిదే. ఆదివారం రాత్రి మడత పెట్టి తీసుకెళ్లిపోయేవారు, అమ్మగారు ఉతికి మంచం మీద వేసేవారు. అమ్మగారు ఇప్పుడు ముందు వరుసలో ఉన్నారు, నా మాట అబద్ధమైతే చెబుతారు.

నిర్వాహకులకు ఒక విన్నపం. ఏటా ఒక ఉపన్యాసం చాలు, దానికి నాలాంటి వాళ్లు ఎక్కడైనా దొరుకుతారు. నెలకొక సినిమా మళ్లీ మొదలుపెట్టండి, టికెట్టు పెట్టకండి. బడి యూనిఫాంలో వచ్చినవాణ్ణి ఏ బడి, ఇవాళ సెలవా అని గుమ్మం దగ్గర అడగకండి.

ఇప్పుడు సినిమా. నిడివి 99 నిమిషాలు, ఇంటర్వెల్ లేదు. ఈసారి లెన్సు ఉంది. వెనక నిలబడ్డ పిల్లల్ని ముందుకు రానివ్వండి, ముందున్న పెద్దలు దయచేసి లేచి చోటివ్వండి.